నిదానంగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితులపై పరిశోధన పత్రాన్ని చదవడం ఎలా

2009లో వెలువడిన ప్రోమిడ్ అధ్యయనంలో ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారికి వ్యాధి ముదరడానికి పట్టిన మధ్యగత కాలం, అంటే సగం మందికి వ్యాధి ముదిరేసరికి గడిచిన కాలం, 14.3 నెలలు. దాని కోవకే చెందిన లాన్రియోటైడ్‌ను పరీక్షించిన, 2014లో వెలువడిన క్లారినెట్ అధ్యయనంలో మందేమీ లేని ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారికి వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యగత కాలం 18 నెలలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే మందు కంటే ఉప్పునీరే నయమనిపిస్తుంది. నిజానికి రెండు అధ్యయనాలూ తేల్చినది ఒక్కటే: ఈ కోవకు చెందిన మందులు కణితి పెరుగుదలను గట్టిగానే అదుపు చేస్తాయి. అంకెల్లో అబద్ధం లేదు; ఒక అధ్యయనంలోని అంకెను తీసుకెళ్లి మరో అధ్యయనంలోని అంకె పక్కన నిలబెట్టడంలోనే పొరపాటు ఉంది.

హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టి నిదానంగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితుల పరిశోధన చదివేవారు జారిపడేది ఎక్కువగా ఇక్కడే. వేగంగా పెరిగే క్యాన్సర్లలో ఆరు నెలలపాటు కణితి కదలకుండా ఉందంటే దాని వెనుక మందు ఉందని అనుకోవడానికి ఆధారం ఉంటుంది. ఈ కణితుల్లో కొన్ని ఏ మందూ లేకుండానే సంవత్సరాల తరబడి ఉన్నచోట ఉన్నంతగానే ఉంటాయి. కాబట్టి "కణితి పెరగలేదు" అనే వాక్యం కనిపించినప్పుడల్లా, "మందు ఇవ్వకపోతే ఎన్నాళ్లు పెరగకుండా ఉండేది?" అనే ప్రశ్న దానికి జతచేసి చదవాలి. ఈ ప్రశ్నను వదలకుండా ఒక పత్రాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఎలా చదవాలో, వైద్య పట్టా లేని పాఠకులను దృష్టిలో పెట్టుకుని కింద వివరిస్తున్నాను.

కణితి ఏదో ముందుగా తేల్చుకోవాలి

హార్మోన్లను, హార్మోన్ల వంటి పదార్థాలను తయారుచేసే కణాలు మన శరీరంలో ఒకే గ్రంథిలో పోగుపడి లేవు. జీర్ణనాళం పొడవునా, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో చెదరి ఉంటాయి. వాటి నుంచి పుట్టే కణితులన్నిటికీ కలిపి న్యూరోఎండోక్రైన్ కణితులనే పేరు పెట్టారు గనుక అవన్నీ ఒకే వ్యాధి అన్న భ్రమ కలుగుతుంది. మ్యూనిక్‌లో పనిచేసిన పాథాలజిస్టు సీగ్‌ఫ్రీడ్ ఒబెర్న్‌డోర్ఫర్ 1907లో చిన్నపేగులో కనిపించిన ఇటువంటి కణితులకు "కార్సినాయిడ్" అని, అంటే క్యాన్సర్‌ను పోలినవి అని, పేరు పెట్టాడు. అవి ఇతర అవయవాలకు పాకగలవని 1929 నాటికి ఆయనే తన అభిప్రాయాన్ని సవరించుకున్నాడు. పేరు మాత్రం నిలిచిపోయింది. పాత పత్రాల్లో కార్సినాయిడ్ అనే మాట కనిపిస్తే, దాని కింద నేటి వర్గీకరణ ప్రకారం వేర్వేరు చోట్ల చేరే కణితులు కలిసి ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి.

నేటి వర్గీకరణకు ఆధారం కణవిభజన వేగం. పాథాలజిస్టు కణజాలపు పొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కేఐ-67 అనే ప్రోటీన్‌ రంగు పట్టిన కణాలు నూటికి ఎన్ని ఉన్నాయో లెక్కిస్తాడు. ఆ ప్రోటీన్ విభజనకు సిద్ధపడుతున్న కణాల్లోనే కనిపిస్తుంది. జర్మనీలోని కీల్ నగరంలో దానిని గుర్తించారు కనుక కేఐ, ప్రయోగశాలలో ఆ నమూనా ఉన్న గుంట సంఖ్య 67 కనుక కేఐ-67. ఇంతటి బరువైన నిర్ణయాలకు ఆధారమైన పేరు వెనుక ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు. జీర్ణవ్యవస్థ కణితుల్లో ఆ శాతం 3 కంటే తక్కువైతే మొదటి గ్రేడు, 3 నుంచి 20 దాకా రెండవ గ్రేడు, 20 దాటితే మూడవ గ్రేడు. ఊపిరితిత్తుల కణితులను ఇలా కాక, విభజనలో ఉన్న కణాల సంఖ్యను, కణజాలం చచ్చిపోయిన ఆనవాళ్లను చూసి టిపికల్, ఎటిపికల్ కార్సినాయిడ్లుగా విడదీస్తారు.

ఇక్కడ పత్రం వెలువడిన సంవత్సరం చూడటం తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన వర్గీకరణలో మూడవ గ్రేడు అంటే విపరీతమైన వేగంతో పెరిగే కార్సినోమా అనే అర్థం. 2017లో క్లోమపు కణితులకు, 2019లో జీర్ణవ్యవస్థ అంతటికీ ఆ గ్రేడును రెండుగా చీల్చారు: కణాల రూపురేఖలు చక్కగా నిలిచి ఉండి విభజన మాత్రం ఎక్కువగా ఉన్న కణితులు ఒక వైపు, రూపమే చెదిరిపోయిన కార్సినోమాలు మరో వైపు. అందువల్ల 2012 నాటి పత్రంలోని మూడవ గ్రేడూ 2022 నాటి పత్రంలోని మూడవ గ్రేడూ ఒకటే అనుకుని ఫలితాలను పోల్చకూడదు. సూదితో తీసిన చిన్న ముక్కలో కనిపించిన శాతం మొత్తం కణితికి ప్రతినిధి కాకపోవచ్చుననీ, ఒకే వ్యక్తిలో మొదటి కణితికీ కాలేయానికి పాకిన కణితికీ వేర్వేరు శాతాలు ఉండవచ్చుననీ కూడా మనసులో పెట్టుకోవాలి.

గ్రేడు తరువాత చూడవలసినవి మూడు: కణితి పుట్టిన చోటు, అది హార్మోన్లను రక్తంలోకి వదిలి లక్షణాలు కలిగిస్తోందా లేదా, దాని కణాలపై సొమాటోస్టాటిన్ అనే హార్మోను వచ్చి అతుక్కునే రిసెప్టర్లు ఉన్నాయా లేదా. మూడవది ఎందుకంటే, ఈ రంగంలోని చికిత్సల్లో ముఖ్యమైన కొన్ని ఆ రిసెప్టర్ల మీదే ఆధారపడి ఉన్నాయి. సొమాటోస్టాటిన్ హార్మోనును 1973లో శాస్త్రవేత్త రోజే గీమాఁ ప్రయోగశాలలో కనుగొన్నారు. అది రక్తంలో కొద్ది నిమిషాలకు మించి నిలవదు కనుక, దానిని పోలి ఉండి ఎక్కువ కాలం నిలిచే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ వంటి మందులను తయారుచేశారు. ఆ కోవ పదార్థానికే రేడియోధార్మిక గాలియం-68 తగిలిస్తే పెట్ స్కాన్‌లో కణితి వెలుగుతుంది. లుటీషియం-177 తగిలిస్తే అదే కణితికి లోపలి నుంచి రేడియేషన్ చేరుతుంది. స్కాన్‌లో వెలగని కణితికి లుటీషియం అధ్యయనాల ఫలితాలు వర్తించవు, ఎందుకంటే అటువంటివారిని ఆ అధ్యయనాల్లో చేర్చుకోనే లేదు.

ఎవరిని చేర్చుకున్నారు

పత్రం చేతికి రాగానే అందరూ సారాంశం చదువుతారు. నా అలవాటు వేరు: మొదట ఒకటవ పట్టికకు వెళతాను. చేరినవారి వయసు, కణితి స్థానం, గ్రేడు, కాలేయం ఎంత మేర ఆక్రమణకు గురైంది, గతంలో ఏ చికిత్సలు జరిగాయి అనే వివరాలు అక్కడ ఉంటాయి. వాటితోపాటు, అధ్యయనంలో చేరేనాటికి వారి కణితి పెరుగుతూ ఉందా, నిలకడగా ఉందా అన్నది వెతకాలి. ఒక్కోసారి ఇది పట్టికలో ఉండదు. పద్ధతుల విభాగంలో ఒక ఉపవాక్యంగా దాగి ఉంటుంది. మొత్తం పత్రంలో ఆ ఉపవాక్యమే కీలకం కావచ్చు.

మొదట చెప్పిన చిక్కుముడి విడిపోయేది ఇక్కడే. క్లారినెట్‌లో చేరిన 204 మందిలో నూటికి 96 మందికి, చేరకముందు కొన్ని నెలల పరిశీలనలో కణితి పెరగలేదు. కేఐ-67 శాతం 10 లోపు ఉన్నవారినే తీసుకున్నారు. ప్రోమిడ్‌లో చేరిన 85 మందికి చిన్నపేగు పరిసరాల కణితులు. కొత్తగా వ్యాధి బయటపడినవారే ఎక్కువ, అలా ముందుగా నిలకడను పరీక్షించే ఏర్పాటు లేదు. కొలత ప్రమాణాలు కూడా వేరు. ఎవరోలిమస్ అనే మందును పరీక్షించిన, 2011లో వచ్చిన రేడియంట్-3 అధ్యయనంలో క్లోమపు కణితులు ఉన్న 410 మందిని తీసుకున్నారు. గడచిన 12 నెలల్లో కణితి పెరిగిందని తేలితేనే చేరడానికి అర్హత. ఇప్పుడు ఉత్తుత్తి మందు, అంటే ప్లసీబో, తీసుకున్నవారి అంకెలను మాత్రమే వరుసగా చూడండి: క్లారినెట్‌లో 18 నెలలు, ప్రోమిడ్‌లో 6 నెలలు, రేడియంట్-3లో 4.6 నెలలు. ఎవరికీ అసలు మందు ఇవ్వలేదు. తేడా ముఖ్యంగా ఎవరిని లోపలికి రానిచ్చారన్న దానిలోనే ఉంది.

అందువల్ల, ఎవరైనా మీకు ఒక అధ్యయనపు మందు వైపు అంకెను మరో అధ్యయనపు మందు వైపు అంకెతో పోల్చి చూపిస్తే, రెండింటి ప్లసీబో వైపు అంకెలను ముందు అడగండి. అవి దగ్గరగా లేకపోతే ఆ పోలిక చెల్లదు. ఒకే అధ్యయనంలోని రెండు వైపులను పోల్చడమే న్యాయం. ఆ పోలికను పరిశోధకులు హజార్డ్ రేషియో అనే ఒక్క అంకెలో చెబుతారు: 1 అంటే తేడా లేదు, 0.34 అంటే ఏ సమయంలో చూసినా మందు వైపు వ్యాధి ముదిరే వేగం మరో వైపు వేగంలో సుమారు మూడో వంతు. ప్రోమిడ్‌లో అది 0.34, క్లారినెట్‌లో 0.47. నెలల లెక్కలో ఎదురుబొదురుగా కనిపించిన రెండు అధ్యయనాలు ఈ లెక్కలో ఒకే దిశను చూపిస్తున్నాయి.

పోల్చడానికి రెండో వైపు లేని అధ్యయనాలూ చాలా ఉంటాయి. ముప్పై మందికో నలభై మందికో మందు ఇచ్చి, నూటికి ఇంతమందిలో వ్యాధి అదుపులో ఉందని ప్రకటిస్తారు. "అదుపులో ఉంది" అనే ఆ లెక్కలో కణితి చిన్నదైనవారితోపాటు కేవలం పెరగనివారు కూడా కలిసి ఉంటారు. ప్రోమిడ్‌లో ఆరు నెలల తరువాత మందు తీసుకున్నవారిలో నూటికి 66.7 మందికి వ్యాధి నిలకడగా ఉంది; ఏ మందూ లేనివారిలో కూడా నూటికి 37.2 మందికి నిలకడగానే ఉంది. కాబట్టి ఒకే వైపు ఉన్న చిన్న అధ్యయనంలో వ్యాధి నియంత్రణ శాతం ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, దానిని ఒక ఊహకు ఆరంభంగా తీసుకోవచ్చు తప్ప నిర్ధారణగా తీసుకోలేము.

ఏమి కొలిచారు

స్కాన్‌లో కణితి పెరిగిందా తగ్గిందా అని నిర్ణయించడానికి రెసిస్ట్ అనే నియమావళి ఉంది. 2000లో వచ్చి 2009లో సవరణ పొందిన ఈ నియమావళి ప్రకారం, ఎంచుకున్న కణితుల వ్యాసాలను కూడి, ఆ మొత్తం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన అంటారు. నమోదైన అతి తక్కువ మొత్తం కంటే 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు, పెరిగితే ముదరడం అంటారు. కొత్త కణితి కనబడినా ముదిరినట్టే. మధ్యలో ఉన్నదంతా నిలకడ. అంటే మొత్తం 100 మిల్లీమీటర్ల నుంచి 118కి చేరినా కాగితం మీద అది నిలకడే.

నిదానపు కణితుల విషయంలో ఈ మధ్య ప్రాంతం చాలా విశాలమైనది. ఏటా ఏడెనిమిది శాతం పెరిగే కణితి వరుసగా రెండేళ్లు "నిలకడ" అనిపించుకుంటుంది, మూడో ఏట హఠాత్తుగా "ముదిరింది" అనిపించుకుంటుంది. కణితి ప్రవర్తన మాత్రం మూడేళ్లూ ఒక్కటే. సొంత రిపోర్టులు చూసుకునేవారికి కూడా ఇది పనికివస్తుంది: తాజా స్కాన్‌ను మొన్నటి స్కాన్‌తోనే కాక, అందుబాటులో ఉన్న పాత స్కాన్‌తో కూడా పోల్చమని వైద్యుణ్ణి అడగడం మంచిది.

స్పందన శాతం తక్కువగా ఉన్నంత మాత్రాన మందు పనికిరానిదని తీర్మానించకూడదు. రేడియంట్-3లో ఎవరోలిమస్ వాడినవారిలో కణితి 30 శాతం తగ్గినవారు నూటికి అయిదుగురే; అయినా వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యగత కాలం 4.6 నుంచి 11 నెలలకు పెరిగింది. ఈ మందు చేసే పని కుదించడం కంటే ఆపి ఉంచడమే ఎక్కువ.

అదే, స్పందన శాతం చాలా ఎక్కువగా ఉంటే ఎలా కొలిచారో చూడాలి. 1992లో క్లోమపు కణితులకు స్ట్రెప్టోజోసిన్, డోక్సోరుబిసిన్ కలిపి ఇచ్చిన అధ్యయనం నూటికి 69 మందిలో స్పందన వచ్చిందని ప్రకటించింది. ఆనాటి లెక్కలో, చేతితో తడిమి చూసినప్పుడు కాలేయం తగ్గినట్టు అనిపించడం, హార్మోను స్థాయి పడిపోవడం కూడా స్పందనే. తరువాతి కాలంలో సీటీ స్కాన్ కొలతలతో 16 మంది రికార్డులను పరిశీలిస్తే అది 6 శాతంగా తేలింది. మరో మందు కూడా చేర్చి ఇచ్చిన పెద్ద సమూహంలో 39 శాతంగా తేలింది. 69, 39, 6 అనే మూడు అంకెల్లో ఏది సత్యమని అడగడం కంటే, ఒక్కొక్క అంకె ఏ కొలబద్దతో, ఎంతమందిలో వచ్చిందని అడగడం మేలు.

స్కాన్లను ఎవరు చదివారన్నది కూడా చిన్న విషయం కాదు. ఆక్ట్రియోటైడ్‌కు ఎవరోలిమస్ జోడించి 429 మందిలో చేసిన రేడియంట్-2లో వ్యాధి ముదరకుండా గడిచిన కాలం 11.3 నుంచి 16.4 నెలలకు పెరిగినట్టు కనిపించింది. కానీ కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా వచ్చే అవకాశానికి ముందుగా నిర్ణయించుకున్న గణాంక గీత 0.0246 కాగా వచ్చినది 0.026, వెంట్రుకవాసిలో గీత తప్పింది. రోగిని చూసే వైద్యుల తీర్పుకూ, వివరాలు తెలియని కేంద్ర నిపుణుల తీర్పుకూ మధ్య వచ్చిన తేడాలు ఆ అధ్యయనపు లెక్కలను చిక్కుపరిచాయి. కేంద్ర నిపుణుల సమీక్ష జరిగిందా లేదా అన్న ఒక్క వాక్యం కోసం పద్ధతుల విభాగాన్ని ఓపికగా చదవడం వృథా శ్రమ కాదు.

ఈ కణితులు రక్తంలోకి వదిలే క్రోమోగ్రానిన్-ఎ అనే ప్రోటీన్ స్థాయి తగ్గిందన్న దానిని ప్రధాన ఫలితంగా చూపే పత్రాలను నేను కొంత అనుమానంతో చదువుతాను. కడుపులో ఆమ్లం తగ్గించే ప్రోటాన్ పంప్ మందులు వాడితే, మూత్రపిండాలు దెబ్బతింటే, జఠరపు పొర క్షీణిస్తే, కణితిలో మార్పేమీ లేకుండానే ఆ స్థాయి పెరుగుతుంది.

ఎంతకాలం బతికారన్న ప్రశ్న

పత్రం చదివే కుటుంబానికి కావలసిన అంకె ఇదే, నిదానపు కణితుల పరిశోధనలో దొరకడం కష్టమైన అంకె కూడా ఇదే. వ్యాధి ముదరకుండా గడిచిన కాలమూ, మొత్తం జీవితకాలమూ రెండు వేర్వేరు కొలతలు. మొదటిది ఒకటి రెండేళ్లలో తేలుతుంది. రెండోది తేలడానికి పదేళ్లు పట్టవచ్చు. ఆ పదేళ్లలో చాలామంది ఇతర చికిత్సలు కూడా తీసుకుంటారు. పైగా, ప్లసీబో వైపు ఉన్నవారికి వ్యాధి ముదరగానే అసలు మందు ఇవ్వడం నైతిక బాధ్యత కనుక చాలా అధ్యయనాలు ఆ వీలు కల్పిస్తాయి. దీనిని క్రాసోవర్ అంటారు. ఇలా మారిన తరువాత రెండు వైపులకూ తేడా మసకబారుతుంది.

నెటర్-1 అనే అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. చిన్నపేగు పరిసరాల్లో పుట్టి, పెరుగుతున్న కణితులు ఉన్నవారిలో, లుటీషియం చికిత్సను సాధారణ మోతాదు ఆక్ట్రియోటైడ్‌తో కలిపి ఒక వైపు, రెట్టింపు మోతాదు ఆక్ట్రియోటైడ్‌ను మాత్రమే మరో వైపు ఇచ్చారు. 2017లో వెలువడిన మొదటి ఫలితాల ప్రకారం 20వ నెలలో వ్యాధి ముదరనివారు లుటీషియం వైపు 65.2 శాతం, మరో వైపు 10.8 శాతం. ఇంత స్పష్టమైన తేడా ఈ రంగంలో అరుదు. 2021లో తుది ఫలితాలు వచ్చేసరికి మధ్యగత జీవితకాలం 48 నెలలు, 36.3 నెలలు, 11.7 నెలల తేడా ఉన్నా అది గణాంకపరంగా రుజువైనదిగా నిలవలేదు. రెండో వైపువారిలో నూటికి 36 మంది తరువాత రేడియోధార్మిక చికిత్సనే తీసుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం కావచ్చు. "తేడా రుజువు కాలేదు" అన్న మాటను "తేడా లేదని రుజువైంది" అని చదవడం పత్రికా వార్తల్లో తరచుగా జరిగే తప్పు. అలాగే, వ్యాధి ఆలస్యంగా ముదిరింది కనుక ఆయుష్షు కూడా అంతే పెరిగి ఉంటుందని అనుకోవడం రెండో వైపు తప్పు. పత్రం చూపినంతవరకే నమ్మాలి.

జీవితకాలపు వక్రరేఖ ఉన్న బొమ్మలో చాలామంది గీతలను చూసి వదిలేస్తారు. గీతల కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది: ఆయా నెలల్లో ఇంకా పరిశీలనలో మిగిలినవారి సంఖ్య. కుడి చివర ఆ సంఖ్య అయిదుకో ఆరుకో పడిపోతే, అక్కడ గీత ఎంత ఎత్తున నిలిచినా దాని మీద బరువు వేయకూడదు. "మధ్యగత కాలం చేరలేదు" అని రాస్తే, పరిశీలన ముగిసేనాటికి సగం మందికి ఆ సంఘటన జరగలేదని మాత్రమే అర్థం. క్లారినెట్‌లో లాన్రియోటైడ్ వైపు అలాగే జరిగింది.

పాత రికార్డుల నుంచి వచ్చిన ఫలితాలు

అరుదైన వ్యాధుల్లో పెద్ద అధ్యయనాలు కష్టం. ప్రోమిడ్ 162 మందిని చేర్చాలనుకుని, ఏళ్ల తరబడి ప్రయత్నించి 85 మందితోనే తృప్తిపడవలసి వచ్చింది. అందుకే ఈ రంగంలో ఆసుపత్రుల పాత రికార్డులను తిరగేసి రాసిన పత్రాలు ఎక్కువ. వాటిని తోసిపుచ్చనవసరం లేదు. కాని చదివే పద్ధతి మార్చుకోవాలి.

మొదటి కణితిని శస్త్రచికిత్సతో తొలగించినవారు తొలగించనివారి కంటే ఎక్కువ కాలం బతికారని చెప్పే పత్రాన్ని తీసుకుందాం. శస్త్రచికిత్సకు ఎవరిని పంపుతారు? ఆరోగ్యం బాగున్నవారిని, వ్యాధి తక్కువ పాకినవారిని. కత్తి చేసిన మేలు ఎంతో, ముందునుంచీ ఉన్న మేలు ఎంతో విడదీయడం కష్టం. ఇంకో సూక్ష్మమైన చిక్కు ఉంది: వ్యాధి బయటపడిన ఏడాది తరువాత శస్త్రచికిత్స జరిగిన వ్యక్తి ఆ ఏడాదంతా బతికి ఉన్నాడన్నది ముందే ఖాయం. ఆ ఏడాదిని శస్త్రచికిత్స ఖాతాలో వేస్తే ఫలితం దానంతటదే మెరుగవుతుంది. లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టారో చూడండి. అది రాయని పత్రాన్ని పక్కన పెట్టినా నష్టం లేదు.

చిన్న సమూహాల మెరుపు పెద్ద పరీక్షలో ఎలా తగ్గుతుందో చెప్పడానికి క్లోమపు కణితులకు ఇచ్చే కేపెసిటబిన్, టెమోజోలమైడ్ జంట చాలు. 2011లో 30 మంది రికార్డుల ఆధారంగా రాసిన పత్రంలో స్పందన 70 శాతం. తరువాత 144 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, టెమోజోలమైడ్ ఒక్కటే ఇచ్చిన వైపుతో పోల్చిన అధ్యయనంలో జంట మందుల స్పందన 40 శాతం. అయినా జంట మందులు ఓడిపోలేదు: వ్యాధి ముదరకుండా గడిచిన కాలం 14.4 నెలలకు బదులు 22.7 నెలలు వచ్చింది. మొదటి పత్రం దారి చూపింది, రెండోది ఆ దారి పొడవు కొలిచింది.

"గతంలో కంటే ఇప్పుడు రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారు" అనే పత్రాలకు కూడా ఒక జాగ్రత్త అవసరం. అమెరికా క్యాన్సర్ నమోదు లెక్కల్లో ఈ కణితులు 1973లో లక్షకు 1.09 మందిలో, 2012లో లక్షకు 6.98 మందిలో కనిపించాయి. ఈ పెరుగుదలలో కొంత భాగం, ఇతర కారణాలకు చేసిన ఎండోస్కోపీల్లో, స్కాన్లలో చిన్న కణితులు ముందుగానే దొరకడం వల్ల వచ్చినదే. ముందుగా దొరికితే, మరణపు తేదీ మారకపోయినా, దొరికిన రోజు నుంచి లెక్కించిన కాలం పొడవవుతుంది. గాలియం స్కాన్ వచ్చిన తరువాత మరో విచిత్రం చేరింది: పాత స్కాన్‌లో కనబడని చిన్న మచ్చలు కొత్త స్కాన్‌లో కనబడి, కొందరు వ్యాధి పాకినవారి జాబితాలోకి మారతారు, పాకనివారి జాబితాలో నిజంగా పాకనివారే మిగులుతారు, పాకినవారి జాబితాలో తేలికపాటి వ్యాధి ఉన్నవారు చేరతారు. ఏ చికిత్సా మారకుండానే రెండు జాబితాల సగటూ మెరుగుపడుతుంది.

ప్రయోగశాల వార్తలు

ఫలానా పదార్థం న్యూరోఎండోక్రైన్ కణితి కణాలను చంపిందని వార్త వస్తే, ఏ కణాల మీద పరీక్షించారో చూడాలి. ఈ పరిశోధనలో విరివిగా వాడే బాన్-1, క్యూజీపీ-1 అనే కణశ్రేణులు రెండింటిలోనూ టీపీ53 జన్యువు దెబ్బతిని ఉంది. నిదానంగా పెరిగే మొదటి, రెండవ గ్రేడు కణితుల్లో ఆ మార్పు సాధారణంగా ఉండదు. అసలైన క్లోమపు కణితుల్లో తరచుగా మారేవి మెన్1, డాక్స్, ఏటీఆర్‌ఎక్స్ జన్యువులని 2011లో జన్యుక్రమ పరిశోధన తేల్చింది. గాజుపాత్రలో వేగంగా పెరిగే కణాలనే పెంచగలగడం పరిశోధకుల తప్పు కాదు. నిదానమైన కణితిని ప్రయోగశాలలో బతికించడమే కష్టం. కాని అక్కడి ఫలితాన్ని నిదానపు కణితికి అన్వయించే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

దుష్ఫలితాల పట్టిక

నిదానపు వ్యాధిలో మందు కూడా దీర్ఘకాలం నడుస్తుంది. ఆరు నెలలు ఓర్చుకోగల ఇబ్బంది ఆరేళ్లు ఓర్చుకోగలది కాకపోవచ్చు. ఎవరోలిమస్‌తో నోటి పుండ్లు, రక్తంలో చక్కెర పెరగడం, ఊపిరితిత్తుల వాపు వస్తాయి. ఆక్ట్రియోటైడ్ కోవ మందులతో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. తీవ్రమైన మూడవ, నాలుగవ స్థాయి దుష్ఫలితాలనే సారాంశంలో రాస్తారు గనుక, రోజూ వేధించే రెండవ స్థాయి విరేచనాలు, నీరసం వంటివి పట్టికలోనే వెతకాలి. ఆలస్యంగా వచ్చేవాటికి పరిశీలన కాలం ఎంతో చూడాలి: నెటర్-1లో లుటీషియం వైపు 111 మందిలో ఇద్దరికి ఎముక మజ్జ వ్యాధి వచ్చింది. సంఖ్య చిన్నదే; కాని మొదటి గ్రేడు కణితితో చాలా ఏళ్లు బతికే అవకాశం ఉన్న వ్యక్తి ఆ సంఖ్యను తూచే తీరూ, వేగంగా ముదురుతున్న వ్యక్తి తూచే తీరూ ఒకటి కావు.

పత్రంతో వైద్యుని దగ్గరకు

పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల వెబ్‌సైట్‌లో సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. కొన్ని పత్రాలు పూర్తిగా కూడా దొరుకుతాయి. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ జాబితాలో అధ్యయనం మొదలుపెట్టేటప్పుడు ఏమి కొలుస్తామని నమోదు చేశారో చూసి, చివరకు ప్రచురించినది అదేనా అని సరిపోల్చుకోవచ్చు. మధ్యలో ప్రధాన కొలత మారి ఉంటే ఎందుకు మారిందో పత్రంలో చెప్పి ఉండాలి.

వైద్యుణ్ణి కలిసేటప్పుడు పత్రం మొత్తం అచ్చు వేసుకుని వెళ్లడం కంటే, ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు రాసుకుని వెళ్లడం ఉపయోగం. ఎడమ వైపు రోగి వివరాలు: కణితి పుట్టిన చోటు, గ్రేడు, కేఐ-67 శాతం, గాలియం స్కాన్‌లో వెలిగిందా లేదా, గత ఏడాదిలో పెరిగిందా లేదా, ఇప్పటిదాకా జరిగిన చికిత్సలు. కుడి వైపు అధ్యయనంలో చేరినవారి అవే వివరాలు. ఎక్కడ రెండు వరుసలు కలవలేదో అక్కడ గుర్తు పెట్టి, "ఈ తేడా వల్ల ఈ ఫలితం మాకు ఎంతవరకు వర్తిస్తుంది?" అని అడగండి. వరుసలన్నీ కలిసి, కణితి మాత్రం ఏడాదిగా కదలకుండా ఉంటే, "ఇప్పుడే మొదలుపెట్టడమా, మరో స్కాన్ దాకా వేచి చూడటమా?" అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే క్లారినెట్‌లో ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో కూడా 24 నెలల నాటికి నూటికి 33 మందికి వ్యాధి ముదరలేదు.